తెల్ల పిడిని వదులుకోవద్దు

నెల్లూరులో కత్తులకు పిడులు వేసే చిన్న దుకాణం నాది. రేకు బాగుండి పిడి పుచ్చిపోయిన పాత కత్తులు వస్తాయి, కమ్మరి దగ్గర కొత్తగా కొట్టించుకొచ్చిన రేకులూ వస్తాయి. ఇళ్లలో వాళ్లు, చేపలు కోసేవాళ్లు, మాంసం దుకాణాల వాళ్లు, ఈమధ్య ఇష్టంగా మంచి కత్తులు కొనుక్కుంటున్న కుర్రాళ్లు, అన్ని రకాలవాళ్లూ వస్తారు. లేత రంగు చెక్క ముక్క ఒకటి చేతిలో పెడితే ఎవరైనా ముచ్చటపడతారు. బొటనవేలితో రాసి చూస్తారు, వెలుతురుకు తిప్పి చూస్తారు, ఆ తర్వాత బల్ల మీద పెట్టేసి ఒకటే మాట అంటారు. "బాగనే ఉండాది గానీ అబ్బయా, నాలుగు దినాలకు మాసిపోతాది. నల్లదే ఎయ్."

ఈ మాట వినీ వినీ రాయాలనిపించింది. వంటింటి కత్తికి పిడి లేత రంగులోనే ఉండాలని నా అభిప్రాయం. అది మాసిపోతుందన్న భయానికి కారణం ఉంది, కాదనను. కానీ ఆ తప్పు చెక్క రంగుది కాదు, పిడి చేసినవాడిది. చివరి పని సరిగ్గా చేసిన తెల్ల పిడిని ఏళ్ల తరబడి శుభ్రంగా ఉంచుకోవచ్చు, దానికి పెద్ద శ్రమ కూడా అక్కర్లేదు.

ముందు నల్ల పిడి సంగతి చూద్దాం. బాగు చేయడానికి వచ్చే పాత నల్ల పిడుల్లో చాలావాటిని గోటితో గీకితే గోటి సందులోకి మెత్తటి జిడ్డు వస్తుంది. పిడి మొదట్లో, రేకు చెక్కలోకి దిగే చోట సన్నటి సందు ఉంటుంది. సూదితో ఆ సందును కెలికితే ఎండిపోయిన చేప పొలుసు, మసాలా ముద్ద, తుప్పు కలిసిపోయి ఉండలుగా ఊడుతుంది. ఆ కత్తిని ఆ ఇంట్లో రోజూ కడిగారు. కడగలేదని నేను అనడం లేదు. కడిగినా పోని మురికి ఒకటి మిగిలిందని వాళ్లకు కనపడలేదు, అంతే. అదే మురికి తెల్ల పిడి మీద ఉంటే రెండో రోజే కంటికి ఆనుతుంది, మూడో రోజు ఎవరో ఒకరు తోముతారు. తినే వస్తువును కోసే పనిముట్టుకు ఈ గుణం ఉండడం లోపమని ఎలా అనగలం?

అయినా జనం భయానికి ఆధారం వాళ్లు కళ్లారా చూసిన పిడులే. సంతలో కొన్న తెల్ల చెక్క పిడి నెల తిరిగేసరికి బూడిద రంగుకు వస్తుంది, రివిట్ల చుట్టూ నల్లటి వలయాలు పడతాయి, చెయ్యి పట్టుకునే చోట పచ్చటి మరకలు మిగులుతాయి. ఇవి మూడూ వేరువేరు జబ్బులు. వేటి కారణం వాటిదే, వేటి మందు వాటిదే. అన్నిటినీ కలిపి "మాసిపోయింది" అనేయడం వల్లే తెల్ల చెక్కకు చెడ్డపేరు వచ్చింది.

బూడిద రంగు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే దానిలో ఎక్కువ భాగం పిడి ఇంకా అమ్ముడుపోకముందే, చేసే బల్ల మీదే పడుతుంది. పిడి తయారీలో రేకుకు రెండువైపులా చెక్క పలకలు అంటించి, ఇత్తడి లేదా ఇనుప రివిట్లు దిగగొట్టి, అన్నిటినీ కలిపి ఆకురాయితో రాస్తాం, తర్వాత ఉప్పుకాగితం పడతాం. అలా రాసేటప్పుడు చెక్క ఒక్కటే అరగదు. పక్కన కనిపిస్తున్న రేకు అంచు, రివిటు తల కూడా అరుగుతాయి. ఇనుప రజను ఎంత సన్నగా ఉంటుందంటే, చెక్కలోని కంటికి ఆనని రంధ్రాల్లోకి కూడా దూరిపోతుంది. కాగితాన్ని రివిటు మీద నుంచి చెక్క మీదికి ఒక్కసారి లాగి చూడండి. తెల్ల చెక్క మీద తోకచుక్కలా బూడిద రంగు చార పడుతుంది. ఊదితే పోదు. గుడ్డతో తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. తడిగుడ్డతో తుడిస్తే మరీ ప్రమాదం, లోపల ఇరుక్కున్న ఇనుము తుప్పు పడుతుంది. నల్ల చెక్క మీద ఇదంతా జరిగినా ఎవరికీ తెలియదు. నల్ల పిడి వేయడానికి పనివాళ్లు ఇష్టపడేది ఇందుకే, ఈ మాట మా వాళ్లకు నచ్చకపోయినా చెప్పాల్సిందే.

దీనికి మందు పని వరుస మార్చడమే. రేకు అంచుల్నీ, రివిటు తలల్నీ ముందే నున్న చేసుకోవాలి. ముతక పనిలోనే లోహం పని అయిపోవాలి. ఆ తర్వాత సన్న కాగితాల దశలో చెక్కను మాత్రమే ముట్టుకోవాలి. రేకు మీద మాస్కింగ్ టేపు గట్టిగా అంటించాలి. రివిటు మీదికి కాగితం పోకుండా చిన్న చెక్క దిమ్మకు కాగితం చుట్టి, పిడి పొడవునా, చెక్క నార ఎటు పోతే అటే రాయాలి. అడ్డంగా రాస్తే రజను గీతల్లో కూర్చుంటుంది. కాగితం గరుకు ఎంతో చెప్పే నంబరు (నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నం) మార్చిన ప్రతిసారీ సైకిలు పంపుతో గాలి కొట్టి, స్పిరిటులో తడిపిన తెల్ల గుడ్డతో తుడవాలి. ఆ గుడ్డే మీకు సాక్షి. దాని మీద బూడిద రంగు మరక పడితే ఇంకా ఇనుము ఉందని అర్థం, తర్వాతి నంబరుకు పోకూడదు.

కాగితం రంగు కూడా చూసుకోవాలి. ఈ విషయం పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇనుప పనికి, కారు పెయింటు పనికి వాడే నల్ల వాటర్ పేపరు సిలికాన్ కార్బైడుతో చేస్తారు. దాని రవ్వ విరిగినప్పుడు నల్లటి పొడి రాలుతుంది. ఇనుము మీద అది మంచిదే. తెల్ల చెక్క మీద మాత్రం ఆ నలుపు రంధ్రాల్లో దిగబడి, ఎన్నిసార్లు తుడిచినా సన్నటి చుక్కలుగా మిగిలిపోతుంది. లేత చెక్కకు అల్యూమినియం ఆక్సైడు కాగితం, అంటే పసుపు రంగులోనో తెల్లగానో ఉండేది వాడాలి. పెయింట్ల దుకాణంలో అడిగితే ఇస్తారు, ధరలో పెద్ద తేడా ఉండదు. మెరుపు పెట్టే గుడ్డ చక్రం, అంటే బఫ్ చక్రం సంగతీ అంతే. ఇనుము మెరిపించిన చక్రానికే తెల్ల పిడిని ఆనిస్తే ఆ చక్రంలోని నలుపంతా పిడికి ఎక్కుతుంది. చెక్కకు వేరే చక్రం ఉండాలి, లేకపోతే చేత్తోనే రుద్దుకోవాలి. స్టీల్ ఉన్నిని తెల్ల చెక్క దగ్గరికి రానివ్వకూడదు. దాని సన్నటి పోగులు విరిగి చెక్కలో ఉండిపోతాయి, వానాకాలం రాగానే ఒక్కొక్కటీ ఒక్కో తుప్పు చుక్కగా బయటపడుతుంది.

నంబర్ల వరుస గురించి ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గ్రానైటు పాలిష్ పట్టేవాళ్లను చూసి నేర్చుకోవాలి. నల్లరాయి అద్దంలా మెరవాలంటే ముతక రాయి నుంచి సన్న రాయికి మెట్టు మెట్టుగా పోతారు, మధ్యలో ఒక మెట్టు ఎగరగొడితే ఆ గీతలు చివర్లో తేలతాయి. చెక్కకూ అదే న్యాయం. నేను 120తో మొదలుపెట్టి 180, 220, 320, 400 దాకా పోతాను. 220 అయ్యాక చెక్కను తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తాను. అయితే ఇనుము పూర్తిగా పోయిందని స్పిరిటు గుడ్డ చెప్పాకే తడి తగిలించాలి. నీళ్లు తగలగానే అణిగి ఉన్న నార లేచి నిలబడుతుంది, పిడి గరుగ్గా అవుతుంది. ఆరాక 320తో ఆ లేచిన నారను కోసేస్తే మళ్లీ లేవదు. ఈ పని చేయకుండా అమ్మేస్తే, కొన్నవాళ్ల ఇంట్లో మొదటిసారి కడిగినప్పుడు నార లేస్తుంది. ఆ గరుకులోనే జిడ్డు పట్టుకుంటుంది. సంతలో కొన్న పిడి మొదటి వారంలోనే ఎందుకు మాసిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

సందేహం ఉన్నవాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. రివిట్లు దగ్గరదగ్గరగా ఉండి రజను తప్పించుకోలేని పిడి అయితే, 220 దగ్గర ఆగి, చపడా లక్కను స్పిరిటులో పలచగా కరిగించి ఒక పూత వేయాలి. లక్క రంధ్రాల్లో దిగి గట్టిపడుతుంది. తర్వాత సన్న కాగితంతో పైపూతను రాసేస్తే రజను కూర్చోవడానికి ఖాళీ ఉండదు. మామూలు చపడా కాస్త నారింజ రంగు ఇస్తుంది. తెల్లదనం ముఖ్యమనుకుంటే రంగు తీసిన తెల్ల లక్క వాడాలి. కొందరు ఫెవిక్విక్ లాంటి జిగురును పలచగా పూసి రంధ్రాలు మూసేస్తారు. అది కూడా పనిచేస్తుంది. కానీ దాన్ని నూలు గుడ్డతో, దూదితో పూయకండి. నూలు తగిలితే ఆ జిగురు ఒక్కసారిగా వేడెక్కి పొగలు కక్కుతుంది, చేతులు కాలతాయి. పాలిథిన్ ముక్కతో పూసి, కిటికీ తెరిచి పెట్టుకోవాలి.

ఇక రివిట్ల చుట్టూ పడే నల్లటి వలయాలు. ఇది మురికి కానే కాదు. వగరు, ఇనుము కలిస్తే పుట్టే రంగు అది. కరక్కాయ, తుమ్మ చెక్క, అరటికాయ, మామిడి టెంక, ఇలా వగరున్న వాటిలో టానిన్లు ఉంటాయి. ఇనుము లవణం తగలగానే అవి నీలినలుపుకు తిరుగుతాయి. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది అనే ఇనుము లవణం కలిపి సిరా కాచుకున్నది ఈ సూత్రం మీదే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్ల గీత పడేది కూడా బెల్లం నీళ్లలో నానిన తుప్పు ఇనుము వల్లే. అంటే ఇనుప రివిటు వేసిన పిడిని పట్టుకుని రోజూ అరటికాయలు, వంకాయలు తరిగేవాళ్లు తెలియకుండానే ఆ సిరాను పిడి మీద తయారు చేస్తున్నారు. తుమ్మ చెక్కలో వగరు ఎక్కువ కాబట్టి పైనుంచి ఏమీ తగలకపోయినా, తడి ఉంటే చాలు, ఇనుము చుట్టూ నల్లబడుతుంది. ముదురు రంగు చెక్క కాబట్టి కంటికి ఆనదు.

ఇందుకే లేత చెక్కకు నేను ఇనుప రివిటు వేయను. స్టెయిన్‌లెస్ స్టీలు గానీ ఇత్తడి గానీ వేస్తాను. ఇత్తడితో వేరే చిక్కు ఉంది. చింతపండు పులుసు తగిలి తడిగా ఉండిపోతే చిలుము పట్టి అంచున ఆకుపచ్చ గీత దిగుతుంది. చేపల పులుసు లేనిదే పొద్దు పోని ఊరు మాది, ఆ చేతులతోనే కత్తి పట్టుకుంటారు. వాడిన వెంటనే పొడిగుడ్డతో తుడిచే అలవాటున్న ఇంటికి ఇత్తడి, లేని ఇంటికి స్టెయిన్‌లెస్. అడిగే వేస్తాను. అడిగినప్పుడు చాలామంది నిజమే చెబుతారు.

నల్ల వలయం అప్పటికే పడి ఉంటే సబ్బుతో పోదు, ఎంత తోమినా చెక్క అరుగుతుందే గానీ రంగు కదలదు. కొత్త మరకైతే నిమ్మచెక్కతో రుద్ది, కాసేపు ఆగి, శుభ్రంగా కడిగి తుడిస్తే తేలికపడుతుంది. పొదలకూరు నిమ్మ మార్కెట్టు ఇంత దగ్గర పెట్టుకొని దీనికోసం ఏదో సీసా కొనాల్సిన పని లేదు. పాత మరకకు ఆక్సాలిక్ యాసిడ్ కావాలి. వేడినీళ్లలో కొద్దిగా కరిగించి మరక మీద బ్రష్‌తో పూస్తే నలుపు కళ్లముందే కరిగిపోతుంది. కానీ అది విషం. చేతికి తొడుగు వేసుకోవాలి, పొడి పీల్చకూడదు, పిల్లలకు అందకుండా పెట్టాలి, పని అయ్యాక పిడిని ఒకటికి రెండుసార్లు బాగా కడగాలి. ఇంట్లో చేసుకోమని నేను ఎవరికీ సలహా ఇవ్వను, దుకాణానికి తెచ్చిస్తే చేసిస్తాను.

పచ్చటి మరక పసుపుది. మన వంటింట్లో దీని నుంచి తప్పించుకోలేం. పసుపు మరకను సబ్బుతో కడిగినప్పుడు అది ఎర్రగా మారడం చూసి చాలామంది కంగారుపడతారు, చెక్క పాడైపోయిందని తెచ్చి చూపిస్తారు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చినట్టే ఇదీ. సబ్బులోని క్షారం తగిలింది, అంతకుమించి ఏమీ జరగలేదు. రెండు చుక్కల నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపుపచ్చకు తిరుగుతుంది. పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు. నూనెలో, స్పిరిటులో కరుగుతుంది. కాబట్టి స్పిరిటు గుడ్డతో తుడిస్తే చాలావరకు వస్తుంది. మిగిలినదానికి ఎండ చాలు. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. పొద్దుటి ఎండ పడే కిటికీ అంచున రెండు మూడు రోజులు పెడితే వెలిసిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం పెట్టవద్దు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, రెండు పలకల చెక్క ఎంత?

పసుపు నూనెలో కరుగుతుందన్న ముక్క ఇంకోసారి గుర్తు చేస్తాను, ఎందుకంటే పిడికి ఏ నూనె పట్టించాలన్న వాదం దాని మీదే ఆధారపడి ఉంది. మన ఇళ్లలో వేరుశనగ నూనో కొబ్బరి నూనో రాసేస్తారు. ఇవి చెక్కలో ఆరి గట్టిపడే నూనెలు కావు. లోపల తడిగానే ఉంటాయి. వేరుశనగ నూనె కొన్నాళ్లకు బంకగా మారి వాసన కొడుతుంది. పైగా ఆరని నూనె ఉన్న పిడి పసుపును పీల్చుకుంటుంది, పొయ్యి దగ్గర మసిని పట్టుకుంటుంది. తెల్ల పిడిని పాడు చేయడానికి దీన్ని మించిన దారి లేదు, దురదృష్టం ఏమిటంటే ప్రేమగా చూసుకునేవాళ్లే ఈ పని చేస్తారు.

ఆరి గట్టిపడేది అవిసె నూనె. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది చెక్క లోపలే గట్టి పొరగా మారుతుంది. పచ్చి అవిసె నూనె ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది. పెయింట్ల దుకాణంలో దొరికే డబల్ బాయిల్డ్ రకంలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కాబట్టి తిండి పనిముట్లకు నేను దాన్ని వాడను. అవిసె నూనెతో ఒక ఇబ్బంది, చెక్కకు తేనె రంగు ఇస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ రంగు చిక్కబడుతుంది. చీకటి సొరుగులో పడేస్తే ఎక్కువ పసుపెక్కుతుంది, వెలుతురు తగిలే చోట ఉంచితే తక్కువ. అందుకే తెల్ల పిడి కత్తిని సొరుగులో దాచకుండా గోడకు తగిలించమంటాను. రంగు అసలు మారకూడదనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. లక్కతో రంధ్రాలు మూసి, పైన మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌లో తేనెమైనం కరిగించిన ముద్దను రుద్దాలి. అది ఆరదు గానీ చెడిపోదు, పసుపెక్కదు. లక్క అడుగున ఉండటం వల్ల లోపలికి ఇంకదు, మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. అప్పుడప్పుడు మళ్లీ రుద్దుకోవాలి, అంతే.

ఏ నూనె పట్టించినా పలచగా పట్టించాలి. గుడ్డతో పూసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. అవిసె నూనె పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త గుడ్డల గురించి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. మన వేసవిలో, రేకుల కప్పు కింద పనిచేసేవాళ్లకు ఇది ఉత్తుత్తి భయం కాదు. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి పెట్టండి.

వార్నిష్ దట్టంగా కొట్టి అద్దంలా మెరిపించే పిడులంటే నాకు గిట్టదు. కొనేవాళ్లకు అవే నచ్చుతాయని తెలుసు. దుకాణంలో మెరుస్తాయి, తెల్లగా ఉంటాయి, మురికి అంటదని అమ్మేవాడు చెబుతాడు. ఆరు నెలల తర్వాత వాటిని చూడండి. రేకు, చెక్క కలిసే చోట పొర పగులుతుంది, ఎందుకంటే తడికి చెక్క ఉబ్బుతుంది, ఇనుము ఉబ్బదు. ఆ పగులులో నుంచి నీళ్లు పొర కిందికి పోతాయి, పోయిన నీళ్లు బయటికి రాలేవు. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే మా జిల్లాలో ఆ తడి ఆరే దారి లేక పొర కిందే నల్ల బూజు పుడుతుంది. దాన్ని కడగలేం, తుడవలేం, మొత్తం పొర గీకేయాల్సిందే. నూనె, మైనం పట్టిన పిడి మాసితే మాసిన చోట సన్న కాగితం నాలుగుసార్లు రాసి మళ్లీ నూనె రాసుకుంటే సరిపోతుంది.

ఏ చెక్క ఎంచుకోవాలన్నది అసలు మొదట్లో చెప్పాల్సిన మాట. రంధ్రాలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. మామిడి చెక్క లేత రంగులోనే ఉన్నా రంధ్రాలు పెద్దవి, ఎంత నునుపు చేసినా మురికి దిగుతుంది. పాలకొడిశ బాగుంటుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర అదే, దంతం లాంటి తెలుపు, మెత్తగా తెగుతుంది, కాకపోతే బరువు పని చేసే కత్తికి చాలదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బిక్కి. లేత పసుపు కలిసిన తెలుపు, గట్టి చెక్క, దగ్గర నార. ఉదయగిరిలో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసేది బిక్కి, నర్ది, కల్ది లాంటి కొయ్యలతోనే. ఆ పనికి జీఐ, అంటే ఫలానా ఊరి సొత్తని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆత్మకూరు మీదుగా అటు వెళ్లినప్పుడు వాళ్లు చిన్నవని పక్కన పెట్టిన ముక్కల్ని నేను తెచ్చుకుంటాను. గరిటెకు చాలని ముక్క పిడికి సరిపోతుంది.

ఆ ఊరి గరిటెలు నా వాదానికి రుజువని నా నమ్మకం. అవి లేత రంగులోనే ఉంటాయి, వాటికి రంగు పూతలు ఉండవు, పులుసులో, పప్పులో రోజూ మునిగి తేలతాయి. కడిగి ఆరబెట్టుకునే ఇళ్లలో అవి నల్లబడకుండా నిలుస్తాయి. గరిటెను తెల్లగా ఉంచుకోగలిగిన మనిషికి కత్తి పిడి ఒక లెక్కా?

ఎముక పిడుల గురించి కుర్రాళ్లు అడుగుతుంటారు. గేదె ఎముక మంచిదే, కానీ లోపలి కొవ్వు పూర్తిగా తీయకపోతే కొన్నాళ్లకు పచ్చబడి వాసన వస్తుంది. సబ్బునీళ్లలో రోజుల తరబడి నానబెట్టి నీళ్లు మార్చాలి, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడులో తెల్లబరచాలి. బట్టల బ్లీచింగ్ వేస్తే ఎముక తెల్లబడుతుంది గానీ గుల్లబారి పొడిపొడిగా రాలుతుంది. జింక కొమ్ము, దుప్పి కొమ్ము తెస్తామనేవాళ్లు కూడా ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అడవిలో దానంతటది రాలిపడిన కొమ్ము అయినా సరే. నేను ముట్టుకోను.

ప్లాస్టిక్ సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. మా జిల్లా నిండా రొయ్యల చెరువులే, ప్రాసెసింగ్ ప్లాంట్లలో తెల్ల ప్లాస్టిక్ పిడుల కత్తులే వాడతారు, చెక్కను లోపలికి రానివ్వరు. రోజంతా తడిలో, మందు నీళ్లలో మునిగే కత్తికి అదే సరైనది. వాళ్లు కూడా మురికి కనపడాలనే లేత రంగు ఎంచుకుంటారు, అది గమనించండి. ఇంటి కత్తి అంత నలగదు. ఇంట్లో ప్లాస్టిక్ పిడి గీతలు పడి, ఆ గీతల్లో నలుపు చేరాక, దాన్ని బాగు చేసేవాడు దొరకడు.

ఇంట్లో చేయాల్సింది చాలా తక్కువ. వాడిన వెంటనే కడగండి, సింకులో నానబెట్టకండి. మెత్తటి స్పాంజి, కొద్దిగా లిక్విడ్ సబ్బు చాలు. అంట్ల పొడి, స్టీలు పీచు వద్దు, అవి నునుపును చెరిపేస్తాయి. కడిగాక నీళ్లోడుతూ పెట్టకుండా తుడిచి, పిడి కిందికి కాకుండా రేకు కిందికి ఉండేలా తగిలించండి, నీళ్లు రివిట్ల వైపు దిగవు. డిష్‌వాషర్ ఉన్నవాళ్లు అందులో పెట్టవద్దు. చేత్తో తాకితే పొడిబారినట్టు, పాలిపోయినట్టు అనిపించినప్పుడు నూనె రాయండి. క్యాలెండరు చూసి రాయాల్సిన పని లేదు.

ఇంత చెప్పాక కూడా తెల్ల పిడి ఎందుకు దొరకదంటే డబ్బు దగ్గర ఆగిపోతుంది. పిడి ఆకారం తీయడం త్వరగా అయిపోయే పని. నునుపు చేయడం, తుడవడం, నార లేపి మళ్లీ కోయడం, పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వడం, ఇవే ఎక్కువ సమయం తింటాయి. కొనేవాళ్లకు అది కనపడదు. "రెండు చెక్క ముక్కలకు ఇంతా?" అంటారు. ఆ బేరానికి లొంగిన పనివాడు ఎక్కడ తగ్గిస్తాడు? కనపడని దగ్గరే తగ్గిస్తాడు. 220 దగ్గర ఆపి వార్నిష్ కొట్టి ఇచ్చేస్తాడు, లేదా నల్ల చెక్క వేసేస్తాడు. తర్వాత తెల్ల చెక్క మాసిపోతుందన్న మాట ఊరంతా తిరుగుతుంది. అతన్ని నేను తప్పుపట్టలేను, అతనికీ సంసారం ఉంది.

నేను మాత్రం రసీదు రెండు ముక్కలుగా రాస్తున్నాను. చెక్క, రివిట్లు, బిగింపు ఒక వరుస. నునుపు పని, నూనె పూత కింద వరుస, దాని ధర విడిగా. రెండో వరుస వద్దన్నవాళ్లకు తెల్ల పిడి వేయను, తుమ్మ చెక్క వేసిస్తాను. కావాలన్నవాళ్లు స్పిరిటు గుడ్డ మీద మరక చూస్తామంటే పక్కనే కుర్చీ వేస్తాను, ప్రతి నంబరుకూ గుడ్డ చూపిస్తాను. ఏడాది లోపల పిడి బూడిద రంగుకు తిరిగితే డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిస్తానని ఆ వరుస పక్కనే రాసి సంతకం పెడుతున్నాను.